జక్కరయ్యకు ఒక సైగ

ఆ ఎండాకాలం పౌలు సార్ మా అంగడికి వచ్చింది నీలం గుడ్డ కోసం.

ఆళ్లగడ్డలో మాది బట్టల అంగడి. నాయన పోయినప్పటి నుంచి గల్లాపెట్టె దగ్గర నా భర్త సోమశేఖర్ కూర్చుంటాడు. చీరల వైపు నేను చూసుకుంటాను. తానులు కొలిచి కత్తిరించేది మా తమ్ముడు గురుస్వామి. వాడికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. నలభైకి దగ్గరపడ్డాడు, పెళ్లి కాలేదు. మా అమ్మ రామేశ్వరమ్మకు మాత్రం వాడింకా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సిన పిల్లాడే.

"ఒకే రంగుండాలమ్మా. పూలు, గీతలు ఏమీ వద్దు. మెరవను గూడా గూడదు," అన్నాడు వచ్చినాయన. అరవై దాటిన మనిషి, చెమటకు తడిసిన తెల్లచొక్కా. "గోడకు కట్టేదానికి. ముందర మనిషి నిలబడి చేతులాడిస్తే, చేతులు బాగా కనపడాల."

తాను తీసుకొచ్చిన గురుస్వామి ఆయన ముఖం చూసి కత్తెర కింద పెట్టేశాడు. ఆయన కూడా ఒక్క క్షణం తేరిపార చూసి, చూపుడువేలు కుడిబుగ్గ మీద ఆనించి గుండ్రంగా తిప్పాడు. సొట్ట. వాడు నవ్వితే అక్కడ సొట్ట పడుతుంది. నంద్యాలలో వాడు చదువుకున్న వినపడని పిల్లల బడిలో వాడి పేరు అదట. ఆ బడిలో వాడికి లెక్కలు చెప్పింది ఈ పౌలు సారే. గురుస్వామి గుడ్డలు కొలిచే బల్ల మీంచి దూకి అవతలికి పోయాడు. ఇద్దరి చేతులూ లేచాయి. చీరలు బేరం చేస్తున్న దొర్నిపాడు ఆడవాళ్లు బేరం మర్చిపోయి చూశారు.

సెలవులకు వాడు ఇంటికొచ్చినప్పుడల్లా వాడి పక్కన కూర్చుని నేర్చుకున్నందువల్ల నాకు సైగలు కొంత వచ్చు. కానీ ఆ వేగంలో నాకు దొరికింది మూడోవంతే.

సార్ సంగతి చెప్పాడు. బడి నుంచి రిటైరయ్యాక నంద్యాలలో కొందరితో కలిసి బైబిలు కథల్ని సైగల్లోకి మారుస్తున్నారట. రాసేది కాదు, వీడియోలు. "చదువుకున్న వినపడనోళ్లకు గూడా పుస్తకంలో తెలుగు కష్టమమ్మా. చెవిన పడని భాష గదా. చేతుల్లో చెప్తేనే వాళ్లకు కథ," అన్నాడు. తన పాత శిష్యుడు కావాలన్నాడు. తర్వాత నన్ను చూసి, "ఇంకో మనిషి గూడా కావాల. సైగలు తెలిసుండాల, బైబిలు తెలిసుండగూడదు. వీడియో చూసి ఏమర్థమైందో తెలుగులో చెప్పాల. కథ తెలిసినోళ్లయితే చేతులు తప్పు చెప్పినా తలకాయి సరిదిద్దేస్తాది."

"నాకు ఒక్క ముక్క గూడా తెలీదు సార్."

"అదే కావాలమ్మా నాకు."

తెలియకపోవడం ఒక అర్హత కావడం నా జీవితంలో అదే మొదటిసారి.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఒప్పుకోలేదు. "వాసవమ్మను కొలిచే ఇంట్లో ఇదేందిమే? రేపొద్దున మతం మార్చేస్తే? మాయమాటలు చెప్తే వానికేం తెలుస్తాది?"

"మాయమాటలు చెప్పాలంటే ముందు వానికి మాటలు చెప్పాల గదమ్మా," అన్నాడు సోమశేఖర్. ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పని మనిషి.

తెల్లవారి గురుస్వామి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. అమ్మ వాణ్ణి చూసింది, నన్ను చూసింది. "నువ్వు గూడా పో. వాన్ని కనిపెట్టుకోనుండు," అంది.

*

నంద్యాలలో ఒక మేడ మీది గది అది. వీడియో తీసేటప్పుడు ఫ్యాను ఆపేసేవాళ్లు, వెనక కట్టిన గుడ్డ ఊగుతుందని. నడివేసవిలో ఆ గదిలో అందరం ఆవిరికుడుముల్లా ఉడికిపోయేవాళ్లం. పనికి పెద్ద సంధ్య. నందికొట్కూరు అమ్మాయి, ముప్పై ఉంటాయి, ఆమెకూ వినపడదు. పుట్టినప్పటి నుంచి చర్చికి పోయే మనిషి. చేతులు చాలా వేగంగా ఆడతాయి. నేను తెల్లముఖం వేస్తే ఆగి, చిన్నపిల్లకు చెప్పినట్టు మళ్లీ చేసేది.

ఇక్కడ వాళ్ల మాటలు నా యాసలోనే రాస్తున్నాను. చేతులకు యాస ఉంటుందని తర్వాత తెలిసింది కానీ, దాన్ని రాయడం నాకు చేతకాదు.

మొదటి రోజు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి వీడియో పెట్టారు. చూస్తూ చెప్పుకుంటూ పోయాను. "ఒక ముసలాయన. భార్య గూడా ముసల్దే. పిల్లల్లేరు. ఆయన పూజారి. గర్భగుడిలో సాంబ్రాణి వేస్తాండాడు. పక్కన ఎవరో వచ్చి నిలబడినారు. రెక్కలుండాయి... గరుత్మంతుడా సార్?"

పౌలు సార్ నవ్వాపుకోలేకపోయాడు. "దేవదూత అమ్మా." నేను చెప్పింది సంధ్యకు చేతులతో చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుని, గబగబా గుడ్డ ముందుకు పోయి రెక్కల్ని మార్చి చూపించింది. ఈసారి నాకు గద్ద కనపడలేదు, మనిషే కనపడ్డాడు.

మిగతా కథ అడిగి చెప్పించుకున్నాను. ఆ పూజారి పేరు జెకర్యా. నీకు కొడుకు పుడతాడని దూత చెబితే, ఈ వయసులోనా అని ఆయన నమ్మలేదు. బిడ్డ పుట్టేదాకా ఆయన నోరు పడిపోయింది. ఇప్పుడు చిక్కంతా ఆ పేరుతోనే. నోటికైతే 'జెకర్యా' అంటే చాలు, అర్థం తెలియకపోయినా పేరు పేరే. చేతులకు అట్లా కుదరదట. సైగలో మనిషి పేరంటే ఆ మనిషిని చూపించేది ఏదో ఒకటి ఉండాలి. సంధ్య రెండు వేళ్లతో పెదవులు మూసినట్టు చేసింది. నోరుపడినాయన. అదే పేరు.

గురుస్వామి వద్దన్నాడు. 

"యాల వద్దు? ఆయన కథ అదే గదా," అంది సంధ్య.

"నోరు పోయింది ఎన్ని నెలలు? బిడ్డ కడుపులో ఉన్నన్ని నెలలు. అంతకుముందు ముసలోడయ్యేదాకా మాట్లాడినాడు. మళ్లీ మాట్లాడినాడు. మధ్యలో పోయిందాన్ని తెచ్చి పేరు పెడతారా?"

"జనం గుర్తుపట్టాల."

గురుస్వామి అరచేత్తో చెవి మూసి చూపించాడు. "మా ఇంట్లో నా పేరు ఇది. మా యమ్మ, అక్క, బావ, అంగట్లో అందరూ నన్ను ఇట్లే అంటారు. గుర్తుపడతారు. నాకు బాగుందా అని ఎవరూ అడగల్యా."

నా చెయ్యి ఒళ్లో ఉంది. పొద్దున బస్సెక్కేటప్పుడు కండక్టరుకు వాణ్ణి చూపించి నేను చేసింది ఆ సైగే.

సంధ్య తగ్గలేదు, వాడూ తగ్గలేదు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచి తింటూ కూడా ఎడమచేతులతో పోట్లాడుకున్నారు. వాడిలో ఇంత మొండితనం, ఇంత వాదన ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రానికి సంధ్యే ఒకటి పట్టుకుంది. దొప్పలాగ పట్టిన ఎడమ అరచేతిలోంచి కుడిచేతి వేళ్లు పొగలా సుళ్లు తిరుగుతూ పైకి లేస్తాయి. ధూపం వేసే ఆయన. గురుస్వామి రెండుసార్లు చేసి చూసుకుని, తలూపాడు.

*

ఇంటికి వచ్చే బస్సు శిరివెళ్ల దాటుతుండగా వాడు నా మోచెయ్యి తట్టాడు.

"అహోబిలంలో ఒళ్లో పండబెట్టుకోని పొట్ట చీలుస్తాడు గదా. ఆ మనిషి ఎవరు? ఏం జేసినాడు?"

ఏటా పోతాం అహోబిలానికి. చిన్నప్పుడు నాయన భుజాల మీద, పెద్దయ్యాక టెంకాయల సంచి మోసుకుంటూ వాడూ వచ్చాడు. నరసింహస్వామికి దండం పెట్టాడు, తీర్థం తాగాడు. కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన కథను ఎవరైనా ఎందుకు చెబుతారు? అది గాలిలో ఉంటుంది, చెవిలో పడుతుంది.

చెప్పబోయాను. తండ్రి, రాజు, కొడుకు అంతవరకు బాగానే వచ్చింది. 'హరి అంతటా ఉన్నాడు' దగ్గర చేతులు ఆగిపోయాయి. ఆళ్లగడ్డ వచ్చేసింది, హిరణ్యకశిపుడు ఇంకా చావలేదు.

అమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. వాడు అడిగిందాన్ని చెప్పాను.

"వానికి తెలీదా?" అంది.

"ఎవరు చెప్పినారుమా?"

ఆమె ఇంకాసేపు గింజలు తీసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, వాణ్ణి లాక్కొచ్చి వసారా స్తంభం ముందు కూర్చోబెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని నేల మీద కూర్చోనిది, ఆ సాయంత్రం నడుముకు కొంగు బిగించి ఆడింది. మీసం మెలేసింది. చంటిపిల్లాడిలా చేతులు జోడించింది. ఇందులో ఉన్నాడా, అందులో ఉన్నాడా అని గడపనూ గోడనూ నన్నూ చూపించింది. స్తంభాన్ని కాలితో తన్ని, "అబ్బా" అని కాలు పట్టుకుని, మళ్లీ లేచి గోళ్లు చాపి గర్జించింది. పక్కింటి వెంకటమ్మ గోడ మీంచి తొంగి చూసింది. అమ్మ లెక్కచేయలేదు. 

గురుస్వామి రెప్ప వెయ్యకుండా చూశాడు. అయిపోయాక చేతులతో ఏదో అడిగాడు.

"ఏమంటాండాడే?"

"'తండ్రిని అట్ల చీలుస్తాంటే కొడుకు ఏడ్వల్యా?' అంటాండాడుమా."

అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. ఎన్నిసార్లు విని ఉంటుందో ఆ కథ, ఎంతమందికి చెప్పి ఉంటుందో.

"తెలీదు నాయనా," అంది వాడి ముఖంలోకి చూసి. తెలియదని చెయ్యి కూడా తిప్పింది. "నాకూ తెలీదు."

*

మే నెలలో మా కూతురు ఇంద్రజకు కాన్పయింది. ఆడపిల్ల. ఇల్లంతా వేన్నీళ్లు, వాము వాసన. బారసాల దగ్గరపడుతుండగా అమ్మ, "నంద్యాలలో పాపకు వెండికడియాలు చూడాల. నేనూ వస్తా," అంది. బస్సులో కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది. "వాళ్లు వానికేం కథ చెప్తాండారో నేను జూడాల."

మేడ మెట్లు ఎక్కి, గోడకున్న గుడ్డ చూసి, "మన తానే," అని కుర్చీలో కూర్చుంది. ఆ రోజు బిడ్డకు పేరు పెట్టే ఘట్టం. గురుస్వామి గుడ్డ ముందు నిలబడి చేస్తున్నాడు. నేను అమ్మ చెవిలో తెలుగులో చెబుతూ పోయాను.

"బిడ్డ పుట్టినాడు. చుట్టాలంతా వచ్చినారు. తండ్రి జెకర్యా పేరే పెడదామంటాండారు. తల్లి కాదు, యోహాను అని పెట్టాలంటాంది. 'మీ వంశంలో ఆ పేరు ఎవరికుంది?' అంటాండారు."

"మన ఇండ్ల మాదిరే ఉందే," అంది అమ్మ. "ఆ జక్కరయ్య ఏం జేసినాడు?"

"చుట్టాలు ఆయన్ని సైగలతో అడిగినారు, ఏం పేరు పెట్టాలని."

ఇక్కడ గురుస్వామి తనంతట తానే ఆగిపోయాడు. "నోరే గదా పోయింది? చెవులుంటే నోటితోనే అడిగేటోళ్లు. సైగలు చేసినారంటే ఆయనకు వినపడదు. మాలాంటోడే."

"రాసింది నోరు గురించే. లేంది మనం కలపగూడదు," అంది సంధ్య.

పౌలు సార్ అమ్మకు ఆ తగువు వివరించి, పండితుల్లో కూడా రెండు మాటలున్నాయన్నాడు.

"మాట రానోన్ని జూస్తే జనం చెవులు గూడా రావనుకుంటారు లేప్పా," అంది అమ్మ. "మా పక్కింటి వెంకటమ్మ అయితే వీడు పక్కనుంటే నాతో గూడా గట్టిగా అరుస్తాది."

సార్ అది చేతుల్లో పెడితే సంధ్య పడీపడీ నవ్వింది. చివరికి ఉన్నది ఉన్నట్టే ఉంచారు. సైగలు చేశారు, అంతే. చూసేవాళ్లు ఏమనుకుంటే అది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. యోహానుకు వాళ్ల దగ్గర సైగ ముందే ఉంది, తల మీద నీళ్లు పోసినట్టు. పెద్దయ్యాక ఆయన నదిలో జనానికి బాప్తిస్మం ఇచ్చాడట. గురుస్వామి ఆ సైగ చెయ్యనని భీష్మించాడు. "ఇంగా పొత్తిళ్లల్లో ఉండాడు. నీళ్లు పోస్తాడని చుట్టాలకు యట్ల తెలుసు? మనిషిని చూడకుండా పేరు యాడనుంచి వస్తాది?"

ఈసారీ దారి సంధ్యే చెప్పింది. ఆ తండ్రి పలక అడిగి దాని మీద పేరు రాశాడు కదా, ఇక్కడికి అక్షరాలే చూపిద్దాం, సైగ పెద్దయ్యాక వస్తుంది అంది. అట్లాగే తీశారు. గురుస్వామి అరచేతినే పలక చేసుకుని యో, హా, ను అని ఒక్కొక్కటే రాసి, చుట్టాల వైపు తిప్పి చూపించాడు.

"మీరు మనిషిని జూసి పెడతారా పేరు?" అని అడిగింది అమ్మ. "నాకేం పెడతావ్?"

సార్ చేతుల్లో చెప్తే, సంధ్య ఆమె ముఖాన్ని తీరిగ్గా చూసి, రెండు వేళ్లతో ముక్కుకు రెండువైపులా తాకింది. అమ్మకు రెండు ముక్కుపుడకలు.

"అంటే నేనా?" అని అమ్మ తన ముక్కు తాకి చూసుకుంది. తిరుగు బస్సులో కూడా ఒకసారి తాకి చూసుకుంది. వెండికడియాలు కొనడం మర్చిపోయాం.

*

బారసాల రోజు ఇల్లు పట్టలేదు. పళ్లెంలో బియ్యం పోసి, అల్లుడు ఉంగరంతో సాయిశ్రీ అని రాశాడు. మా ఇళ్లలో ఆ పేరును బిడ్డ చెవిలో చెప్పేది మేనమామ వరసవాళ్లు. ఇంద్రజ తొట్టిలో ఉన్నప్పుడు, గురుస్వామికి మాట రాదని, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. ఇంద్రజకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఈసారీ ఆయనే చెప్పాలని ముందే అనుకున్నారు. ఆయన కండువా సర్దుకుని తొట్టి దగ్గరికి వంగాడు.

"ఉండప్పా," అంది అమ్మ.

గురుస్వామి వెనక తలుపు దగ్గర టెంకాయలు అందిస్తున్నాడు. అమ్మ చెయ్యి ఊపి వాడి చూపు తన వైపు తిప్పుకుంది. చెవి మూసుకోలేదు. చూపుడువేలు కుడిబుగ్గ మీద పెట్టి తిప్పింది. తర్వాత తొట్టిలో పాపను చూపించి, అరచెయ్యి పైకి తెరిచి పట్టుకుంది.

"ఏం పేరు?"

వాడు టెంకాయ పక్కన పెట్టి, పంచెకు చేతులు తుడుచుకుని, జనాన్ని దాటుకుని వచ్చాడు. పాపను చాలాసేపు చూశాడు. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. వాడి చేతులు కదిలాయి.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు పురోహితుడు.

"'నిన్నగాక మొన్న పుట్టింది, ఇప్పుడే యట్ల జెప్పేది? కొన్నాళ్లు చూడనీ' అంటాండాడు సామీ."

ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. "చూసి చెప్తాడంట. అంతదాకా నోటిపేరుతో పిలుచుకోండి," అని ప్రొద్దుటూరు ఆయనకు చోటిచ్చింది.

వాడు నిజంగానే చూశాడు. అంగడి మూసి రాగానే తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. ఒక ఆదివారం ఇంద్రజను పిలిచి, చూపుడువేలితో ఎడమ కనుబొమ్మను పైకెత్తి చూపించాడు. అది నిద్రలో ఒక్క కనుబొమ్మే ఎగరేస్తుందట, ఎవరినో నిలదీస్తున్నట్టు. తల్లికి కూడా అంతవరకు తెలియదు.

*

మొదటి వానలు పడుతుండగా వాడు నంద్యాలలోనే గది తీసుకుని ఉంటానన్నాడు. జెకర్యా కథ అయిపోయింది, ఇంకా చాలా ఉందట. 

అమ్మ ముందు అంగడి గురించి అడిగింది, తర్వాత తిండి గురించి. చివరికి అసలుది అడిగింది. "కిరస్తానం తీసుకుంటాడేమో కనుక్కో."

అడిగాను. "తెలీదు. కథ ఇంగా అయిపోల్యా," అన్నాడు.

అదే చెప్పాను. అమ్మ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. పొద్దున లేచి ఊరగాయ జాడీకి వాసెన కట్టింది. బస్టాండు దాకా తనే వచ్చి, బస్సు కదిలాక కూడా కొంగు తల మీద కప్పుకుని వానలో నిలబడింది. ఆ వారమంతా గుడ్డలు నేనే కత్తిరించాను, అన్నీ వంకర.

ఆదివారం వాడు వీడియో కాల్ చేశాడు. అమ్మ ఫోను ముఖానికి అంత దగ్గరగా పట్టుకుంది, వాడికి ముక్కుపుడకలు తప్ప ఏమీ కనపడి ఉండవు. వెనక్కి జరుపు, వెనక్కి జరుపు అని వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చివరికి అమ్మ ఫోన్ను పప్పుడబ్బాకు ఆనించి, దూరంగా జరిగి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంది. తిన్నావా అని అడిగింది. వాడు ఏదో పెద్దగా చెప్పాడు. చాలాసేపు చెప్పాడు, మధ్యలో ఒకసారి పడీపడీ నవ్వాడు కూడా.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటాండాడే?"

నేను నోరు తెరిచాను.

"ఉండు ఉండు," అని నా మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చెప్పొద్దు. వాన్నే ఇంగోసారి అడుగుతా."